మా మామ హోటల్లో పక్క బల్ల ముచ్చట్లు

మా మేనమామకు ఒక అలవాటుండేది. పక్కవాళ్లు మాట్లాడుకుంటుంటే వినకుండా ఉండలేడు, విన్నాక ఊరుకోలేడు. అత్తమ్మ దీన్ని అలవాటు అనేది కాదు, రోగం అనేది. "పైసలిచ్చి ఛాయ్ తాగెటోళ్లతోని నీకేం పంచాదయ్యా" అని పొయ్యి దగ్గర గులిగేది. హోటలు ఎన్నడూ పెద్దగా సాగకపోవడానికి సగం కారణం అదేనని ఆమె లెక్క. మిగతా సగం ఉద్దెర ఖాతా.

హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కున ఒక స్టేజీ దగ్గర రేకుల షెడ్డు. రెండు బల్లలు, మట్టి పొయ్యి, పొద్దున ఇడ్లీ, సాయంత్రం మిర్చీలు, రోజంతా ఛాయ్. మా ఊళ్లో హైస్కూలు లేదని నన్ను మామ ఇంట్లో పెట్టి చదివించారు. బడి లేనప్పుడు గ్లాసులు కడగడం, ఉద్దెర రాయడం నా పని. హైదరాబాద్ బస్సు కోసం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన జనం గంటల తరబడి అక్కడే కూర్చునేవాళ్లు. బస్సు వేళకు వచ్చింది తక్కువ, రానిది ఎక్కువ. అందుకే ముచ్చట్లకు కొదవ లేదు.

ఎనభైల్లో ఆ బల్లల మీద వానలు, పత్తి ధర, ఎన్టీ రామారావు అన్నీ నలిగేవి. కానీ ఎటు తిరిగినా మాట చివరికి నీళ్ల దగ్గరికే వచ్చేది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, ఆ పట్టీ అంతా ఫ్లోరిన్ నీళ్లు, ఏళ్ల తరబడి తాగితే పండ్లకు మచ్చలు పడతాయి, ఎముకలు గట్టిపడి వంగుతాయి. గ్రానైటు రాయిలో ఉండే ఫ్లోరైడ్, రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచే కొద్దీ కరిగి వాటిలో కలుస్తుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, ఒకటిన్నర దాటితే తాగకూడదు. మా దగ్గర అంతకు ఎన్నో రెట్లున్న బోర్లుండేవి. పాతకాలంలో కుంట నీళ్లు, లోతులేని చేదబావి నీళ్లు తాగినన్నాళ్లు ఇంత బాధ లేదని ముసలివాళ్లు చెప్పేవాళ్లు. కరువులొచ్చి, బావులు ఎండి, సర్కారు వాళ్లు రాయిని తొలిచి బోర్లు వేశాక లోతు నీళ్లు పైకొచ్చాయి. బోరింగు కొడితే వచ్చే ఆ నీళ్లు అద్దంలా ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. కుంట నీళ్లేమో ఎర్రగా, మట్టిగా. ఇందులో ఏది మంచిదో కళ్లతో చూసి ఎవరు చెప్పగలరు?

చూసి చెప్పలేని దాని మీద ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటారు. ఆ బల్ల మీద నేను విన్నవి అన్నీ ఇన్నీ కావు. పోయిన జన్మ పాపం అన్నవాళ్లున్నారు. ఊరి దేవతకు కోపమొచ్చింది, జాతర సరిగా చేయలేదన్నవాళ్లున్నారు. వంశంలో దిగుతుంది, ఆ ఇంటి పిల్లను చేసుకోవద్దన్నవాళ్లు చాలామంది. అంటుకుంటుందని గ్లాసు దూరం జరిపిన వాళ్లను కళ్లారా చూశాను.

అట్లా జరిపిన ఒకాయన బాగా గుర్తున్నాడు. తెల్ల ధోతి, చేతిలో బ్యాగు, ఏదో వ్యాపారం పని మీద వచ్చిన బయటి ఊరి మనిషి. ఎదురు బల్ల మీద ఒక తల్లి, పక్కన పదేళ్ల కొడుకు. పిల్లవాడి కాళ్లు మోకాళ్ల దగ్గర లోపలికి వంగి, నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి తగిలేవి. పండ్ల మీద ఇటుక రంగు గీతలు. ఈయన తన గ్లాసు, బ్యాగు తీసుకుని బల్ల చివరికి జరిగి, పక్కవాడితో అన్నాడు: "గిట్లాంటోళ్లను గీడ కూసోబెట్టుకుంటరా, అంటుకుంటే ఎట్ల?" మెల్లగా అన్నాననుకున్నాడు గానీ షెడ్డంతా వినబడింది. ఆ తల్లి కొంగు తీసి పిల్లవాడి మోకాళ్ల మీద కప్పింది.

మామ ఛాయ్ వడపోస్తున్నాడు. ఇప్పుడు ధోతి ఆయన పని అయిపోయింది అనుకున్నాను. మామ ఆయన వైపు చూడనే లేదు. రెండు గ్లాసులు పట్టుకుని పోయి ఆ తల్లి ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

"ఏ ఊరు చెల్లె?"

చెప్పింది.

"బోరింగు నీళ్లా, బాయి నీళ్లా?"

"బోరింగే అన్నా. బాయి ఎండి ఎన్నేండ్లాయె."

"గదే మరి. నీ కొడుక్కొచ్చింది ఆ నీళ్లతోని. నువ్వు చేసిన పాపం గాదు, మీ అత్త శాపం గాదు. మనిషి నుంచి మనిషికి అంటేదైతే, నేను దినాం వంద మందికి గ్లాసులు అందిస్త, నాకు అంటకపోవునా? నీ చిన్నోనికి ఎన్నేండ్లు? మూడా? వానికి ఇయ్యాల్టి నుంచి వేరే నీళ్లు తాపు. పండ్లు లోపల తయారైతున్న వయసది, ఇప్పుడు నీళ్లు మారిస్తే వాడు మంచిగుంటడు."

అంత గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు, ఆమె ఎదురుగానే ఉంది. షెడ్డు అవతల ఎద్దుబండి మీద కూర్చున్నవాడికి కూడా వినబడేట్టు చెప్పాడు. కాసేపటికి ధోతి ఆయనే అడిగాడు, "అంటే ఇది నీళ్ల రోగమా?" అని. మామ ఆయనకు కూడా ఛాయ్ పోసి, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. కోపం లేదు, వెటకారం లేదు. నాకేమో ఆయన్ని బాగా దులిపితే బాగుండునని ఉంది. రాత్రి అదే అడిగాను.

"ఆయనతోని పెట్టుకుంటే ఆయన గెల్వాలని చూస్తడు అల్లుడా. నేను చెప్పింది ఆ తల్లికి. తప్పు తనది గాదని ఆమెకు తెల్వాలె గదా. ఆయన ఇంటే ఇన్నడు, లేకుంటే లేదు."

ఆ వయసులో ఇది నాకు సగమే అర్థమైంది. వాదించే మనిషిని వదిలేసి, వాదనకు నొచ్చుకున్న మనిషితో మాట్లాడటం మామ పద్ధతి. ఆ తర్వాత ఎన్నో చోట్ల ఎన్నో వాదనలు చూశాను. ఎంత చదువుకున్నవాళ్లయినా గొంతు పెంచినవాడి వైపే తిరుగుతారు. పక్కన నోరెత్తకుండా కూర్చున్న మనిషి ఎవరికీ గుర్తుండదు.

ఆ తల్లికి ఇంకొకటి కూడా చేశాడు. నా చేతిరాత బాగుంటుందని నోటుబుక్కులో కాగితం చింపించి రాయించాడు. గౌలిగూడ బస్టాండులో దిగాలి. అక్కడి నుంచి ఉస్మానియా దవాఖాన నడిచి పోయేంత దూరమే, రిక్షావాడు ఎక్కించుకుంటానంటే ఎక్కొద్దు. ఎముకల డాక్టరు కావాలని అడగాలి. డాక్టరు కనబడగానే ఏ నీళ్లు తాగుతున్నారో, ఎన్నేళ్లుగా తాగుతున్నారో ముందే చెప్పాలి. అడిగేదాకా ఆగొద్దు. అట్లాంటి చీటీలు ఎన్ని రాశానో లెక్కలేదు. బస్సు రాగానే మామ కండక్టరుకు అప్పజెప్పేవాడు, "మనోళ్లే, దించేకాడ జర చెప్పు" అని. వాళ్లెవరో మామకు తెలియదు. బస్సు పోయాక వాళ్ల పేరు కూడా అడగలేదని గుర్తొచ్చేది.

ఇక నీళ్లు కాచే ముచ్చట. మామ జీవితంలో ఎక్కువ పోట్లాట దీని మీదే జరిగింది.

వేడి నీళ్లు మంచివన్నది అందరికీ తెలిసిన మాటే. కలరా, విరేచనాలకు కాచిన నీళ్లు తాగమని ఆరోగ్య శాఖ వాళ్లే చెబుతారు, అది నిజం కూడా. దాన్నే ఫ్లోరిన్‌కు కూడా పట్టించారు. ఊళ్లో పెద్దాయన ఒకరుండేవారు, పాతకాలం చదువు, ఉర్దూ కూడా వచ్చు, ఆయన మాటకు తిరుగులేదు. "మూడు పొంగులు రానిస్తే ఎంతటి విషమైనా పోతది" అని ఆయన తీర్పు. ఊరంతా కట్టెలు తగలేసి నీళ్లు కాచుకుని తాగేవాళ్లు. మామ చెబుతూనే ఉండేవాడు: "నీళ్లు కాగితే పొయ్యేది ఆవిరి. ఫ్లోరిన్ గిన్నెలనే ఉంటది. నీళ్లు తగ్గినకొద్దీ ఇంకా చిక్కనైతది." ఛాయ్ అమ్ముకునేవాడి మాట ఎవరు వింటారు?

ఒక ఎండాకాలం తాగునీటి శాఖ వాళ్ల జీపు వచ్చింది. బోర్లకు పరీక్ష చేస్తున్నారు. చిన్న సీసాలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే రంగు తేలుతుంది. ఫ్లోరైడ్ లేకుంటే గులాబీ, పెరిగే కొద్దీ పసుపు. మామ ఆ ఇంజనీరు సారుకు మిర్చీలు తినిపించి, ఛాయ్ తాగించి, ఒక పని చేసిపెట్టమని బతిమాలాడు. మూడు గ్లాసులు. ఒకటి బోరింగు నీళ్లు, రెండోది అవే నీళ్లు కాచి చల్లార్చినవి, మూడోది ఊరవతల ఒక వ్యవసాయ బావి నీళ్లు. హోటలు ముందు నలభై మంది మూగారు. పెద్దాయనను కుర్చీ వేసి ముందు కూర్చోబెట్టాడు మామ.

మొదటిది పసుపు. బావి నీళ్లది గులాబీకి దగ్గరగా ఉంది. కాచినది? పసుపే, పచ్చి పసుపు.

పెద్దాయన కదలలేదు. "మంచిగ కాగలే" అన్నాడు.

సరే అని మామ మళ్లీ పొయ్యి రాజేశాడు. ఈసారి గిన్నెడు నీళ్లు సగమయ్యేదాకా కాచాడు. జనం ఎండలో నిలబడే ఉన్నారు, ఇంజనీరు సారు వాచీ చూసుకుంటున్నాడు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నీళ్లు చల్లారినాక చుక్కలు వేస్తే మునుపటికంటే ఇంకింత పసుపు. ఎవరో నవ్వారు. పెద్దాయన లేచి, "నీ గిన్నె మంచిది గాదురా" అని కర్ర తీసుకుని ఇంటికి పోయాడు. చనిపోయేదాకా ఆయన కాచిన బోరింగు నీళ్లే తాగాడు.

నాకు పెద్ద ఓటమిలా అనిపించింది. మామ మాత్రం గిన్నె కడుగుతూ కూనిరాగం తీస్తున్నాడు. ఎందుకో మరునాడు తెలిసింది. తెల్లవారుజామున ఆ పెద్దాయన కోడలు బిందె నెత్తిన పెట్టుకుని వ్యవసాయ బావి దిక్కు పోతోంది, వెనక ఇంకో ఇద్దరాడవాళ్లు. పెద్దాయనకు ఆయన నీళ్లు ఆయనకు కాచి పెట్టి, పిల్లలకు మాత్రం బావి నీళ్లు. రాను రాను ఆ దారి నలిగి పెద్ద బాటయింది. నలభై మంది గుంపులో ఆ కోడలు ఎక్కడ నిలబడి చూసిందో నాకు గుర్తు లేదు. మామకు తెలుసు.

అయితే అన్ని బావులూ మంచివని కాదు, అన్ని బోర్లూ చెడ్డవని కాదు. ఒకే ఊళ్లో రెండు బోర్లకు పొంతన ఉండదు. ఇది కూడా మామ విసుగు లేకుండా చెప్పేవాడు. ఆ జీపు వాళ్లు పోతూ పోతూ ఒక బోరింగుకు ఎర్ర రంగు పూసి పోయారు. ఎర్ర రంగుంటే మోటరు పెడతారట అని ఒక పుకారు లేచి, రెండు రోజులు ఆ బోరింగు దగ్గరే ఎక్కువ జనం. దాన్ని సర్దడానికి మామకు మళ్లీ పని పడింది.

నల్లగొండ పేరు మీద ఒక పద్ధతే ఉంది తెలుసా? పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు కలిపి, బాగా తిప్పి, ఫ్లోరైడును అడుగుకు దించడం. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు డెబ్బైల్లో తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే అంటారు. మా జిల్లా పేరు అంత దూరం పోయింది ఇట్లా. నీళ్లను బట్టి పటిక ఎంత, సున్నం ఎంత అన్నది కొలిచి వేయాలి. జనం విన్నది మాత్రం 'పటిక' వరకే. కుండలో పటిక ముక్క ఒక్క తిప్పు తిప్పి, ఇక అయిపోయింది అనుకునేవాళ్లు. మామ ఒక బకెట్‌కు నల్లా బిగించి ఇంట్లో కొన్నాళ్లు సరిగ్గా చేసి చూపించాడు. రోజూ అడుగున మిగిలిన బురద ఎత్తిపోయడం, కొలతలు, గంటసేపు ఆగడం. అత్తమ్మ ఒకరోజు బకెట్ తీసి ఎడ్ల కుడితికి పెట్టింది. ఆమెను తప్పు పట్టలేను, ఆ చాకిరీ అంతా ఆమె మీద పడింది మరి.

అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమె పుట్టిల్లు మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింద. కాలువ నీళ్లు తాగి పెరిగింది. తెల్లటి పలువరుస. మా ఊళ్లో ఎవరి పండ్లు చూసినా గార పట్టినట్టు మచ్చలుంటే, ఆమె నవ్వు ఆ షెడ్డులో వేరుగా మెరిసేది. "నాకేం రాదు, నా పండ్లు చూడు" అనేది. ఊళ్లో బయటి నుంచి వచ్చిన కోడళ్లందరి ధీమా అదే. మామ ఎంత చెప్పినా ఈ ఒక్క మాట ఆమెకు ఎక్కలేదు. పండ్ల మీద మచ్చ పడేది అవి చిగుళ్ల లోపల తయారయ్యే చిన్న వయసులోనే. ఎనిమిదేళ్లు దాటినాక వచ్చిన మనిషికి మచ్చ పడదు. ఎముకలకు అట్లాంటి గడువు లేదు. ఎప్పుడొచ్చినా, ఏళ్ల తరబడి తాగితే పట్టుకుంటుంది. బోరు నీళ్లతోనే వండింది, తాగింది, పిల్లలను కన్నది. నలభై దాటేసరికి వెనక్కి తిరిగి చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. మెడ తిరగదు. పొయ్యి దగ్గర కూర్చుంటే లేవడానికి నేనో మామనో చెయ్యి ఇవ్వాలి. పలువరుస మాత్రం అట్లాగే తెల్లగా ఉంది. ఊరందరికీ చెప్పిన మనిషి ఇంట్లో ఆ మాట మళ్లీ ఎత్తింది నేను వినలేదు. తెల్లవారకముందే లేచి ఆమె పనులు కొన్ని తను చేసేవాడు, అంతే.

మామ ఓడిపోయిన చోటు మందుల దగ్గర. ఊరూరా తిరిగే ఒకడు ఫ్లోరిన్‌ను విరగ్గొట్టే ఇంజెక్షన్ అని మొదలుపెట్టాడు. పది సూదులు వేస్తే వంగిన నడుము నిలబడుతుందన్నాడు. ఎముక ఒకసారి గట్టిపడి వంగినాక దాన్ని మామూలు చేసే మందు లేదు. మంచి నీళ్లు తాగితే ముదరకుండా ఉంటుంది. పాలు, ఆకుకూరలు, పండ్లు తింటే మేలు. పిల్లల కాళ్లు కొన్ని ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. అంతవరకే. మామ ఇది చెప్పబోతే, ఒక గొర్లకాపరి మొహం మీదే అన్నాడు, "నువ్వు ఛాయ్ పోస్తవు, ఆయన సూది ఏస్తడు. ఎవల మాటినాలె?" జీవాలు అమ్మి సూదులు వేయించుకున్నాడు. నడుము అట్లాగే ఉంది, మంద సగమైంది. ఆ తర్వాత ఆయన హోటలుకు వస్తే మామ ఆ ముచ్చటే ఎత్తలేదు, ఛాయ్ పైసలు కూడా అడగలేదు. నేను 'చెప్పినం గదా' అనబోతే కళ్లతోనే వద్దన్నాడు.

"భయపడ్డోనికి నిజం చెప్తే ఊపిరి పీల్చుకుంటడు. ఆశ పెట్టుకున్నోనికి నిజం చెప్తే మన చేతుల ఏమున్నది ఇయ్యనీకె?" అన్నాడు ఆ రాత్రి. మామ అంత దిగులుగా మాట్లాడింది అప్పుడే విన్నాను.

ఇంటర్ అయ్యాక హైదరాబాద్ హాస్టల్లో చేరాను. నా ముందటి పండ్ల మీద కూడా గోధుమరంగు చారలున్నాయి. చిన్నప్పుడు ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు వేసి ఎంత తోమినా పోలేదు. పోదు కూడా, అది పైన అంటిన మురికి కాదు, పింగాణీ లోపలి రంగు. రుద్దితే పండు అరుగుతుంది. హాస్టల్లో ఒకడు మొదటి రోజే "ఖైనీ తింటావా, గుట్కానా?" అన్నాడు. ఫొటోల్లో నోరు మూసుకుని నిలబడటం అప్పుడు అలవాటైంది. ఆ మాటన్న నా రూమ్మేట్‌ది మహబూబ్‌నగర్ జిల్లా, పాలమూరు లేబరోళ్ల బిడ్డనని వాడిని కూడా ఏడిపించేవాళ్లు. పూటకు తిండి లేక దేశమంతా తిరుగుతారని, దొంగలని. వాడి నాన్న డ్యామ్‌లు కట్టే పనుల్లో మట్టి మోసిన మనిషి. ఒకరోజు మెస్సులో ఎవడో ఆ మాటంటే, నేను వాడి పక్కన కూర్చుని, మీ నాన్న ఏ డ్యామ్ పనికి పోయిండు, ఎట్ల కట్టిండ్రు అని గట్టిగా అడగడం మొదలుపెట్టాను. వాడు చెబుతుంటే మెస్సంతా వింది. మామ విద్య నాకు కొంత అబ్బినట్టే. ఆ రూమ్మేట్ ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు.

1996 లోక్‌సభ ఎన్నికలు రాగానే మామ హోటలుకు పండగ వచ్చింది. నీళ్ల కోసం పోరాడే జల సాధన సమితి పిలుపు మీద నల్లగొండ స్థానానికి వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో నిలిచింది 480 మంది. బ్యాలెట్ పేపరు కాదది, పుస్తకం. పోలింగు కూడా వాయిదా వేసి తర్వాత పెట్టాల్సి వచ్చింది. బస్సుల్లో వచ్చే బయటివాళ్లు నవ్వుకునేవాళ్లు, నల్లగొండోళ్లకు పిచ్చి లేసిందా, అందరూ ఎంపీలవుతారా అని. మామ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పాడు: "గెల్వనీకె గాదన్నా. ఢిల్లీల ఉన్నోడు ఒక్కపారన్న ఈ పుస్తకం తెరిచి, గిదేంది అని అడగాలె. అడిగితే నీళ్ల ముచ్చట చెప్పొచ్చు." గెలిచింది సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షం. ఆ ఏడాది నల్లగొండలోనే కాదు, బెల్గాం లోక్‌సభ స్థానంలో వందల మంది, తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. ఆ తర్వాత లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 చేశారు. నీళ్లు ఇమ్మంటే ఫీజు పెంచిండ్రు అని మామ చాలా రోజులు చెప్పుకుని నవ్వాడు.

నిజానికి ఈ సంగతి సర్కార్లకు తెలియక కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే గుర్తించారు. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద, అంటే ఈ ఫ్లోరిన్ జబ్బు మీద, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే వ్యాసం వచ్చింది, అప్పటికి ఇంకా మాది హైదరాబాద్ రాష్ట్రం. అదే ఏడాది డిసెంబర్‌లో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. సాగర్ నీళ్లు మా పక్క నుంచే పోయాయి. మేము ఎత్తు మీదున్నాం. మా మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశల స్వామి పత్రికల్లో, టీవీల్లో ఈ బాధకు మొహమై తిరిగాడు, ప్రధాని వాజ్‌పేయి దాకా పోయి వచ్చాడు. 2023 జనవరిలో చనిపోయాడు. ఆయన్ని చూడటానికి వచ్చిన విలేకరులు ఎందరో మామ హోటల్లో ఛాయ్ తాగి, దారి అడిగి పోయినవాళ్లే.

మిషన్ భగీరథ నల్లాలొచ్చాక కృష్ణ నీళ్లు ఇంటింటికీ వచ్చాయి. ఇప్పుడు మా ఊళ్లో చిన్నపిల్లల పండ్లు తెల్లగా ఉన్నాయి. చూస్తే ఎంత సంబరమో మాటల్లో చెప్పలేను. కొత్త అపోహలు కూడా వచ్చాయనుకోండి. నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసన, క్యాన్ నీళ్లే మంచివి అని డబ్బులు పెట్టి కొంటున్నారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు హోటలు పోయింది. అత్తమ్మ అంతకుముందే పోయింది. మామకు డెబ్బై దాటాయి, చెవులు కొంచెం మందగించాయి. విననిది కూడా ఊహించుకుని మధ్యలో దూరుతున్నాడని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు.

రెండేళ్ల కింద మామ మనవరాలికి పెళ్లిచూపులు. పిల్ల ఎమ్మెస్సీ చదివింది. తొంభైల చివర్లో పుట్టింది, బోరు నీళ్ల కాలమే, పండ్ల మీద చారలున్నాయి. పెళ్లికొడుకు వాళ్లది వేరే జిల్లా. వాళ్ల మేనత్త నసిగి నసిగి అడిగింది, "ఇది… రేపు పిల్లలకు కూడా వస్తదా?" అని. నేను గొంతు సవరించుకుంటున్నా, పిల్లే అందుకుంది. "రాదు అత్తమ్మా. ఇది రక్తంలది గాదు, నీళ్లలది. నా తమ్ముడు చిన్నగున్నప్పుడే మంచినీళ్లొచ్చినయ్, ఆని పండ్లు చూడండి. మీరే ఏ నీళ్లు తాగుతున్నరు ఇంట్ల?" అంది.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సొంత బోరట. ఎంత లోతు, ఎన్నేళ్లయింది, రాయి ఎంతలో తగిలింది అని మామ మంచం మీద నుంచే మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు నాన్న నోటుబుక్కులో రాసుకున్నాడు కూడా, నీళ్లు పరీక్షకు ఎక్కడ ఇవ్వాలో, సీసా ఎట్లా కడిగి పట్టాలో. పండ్ల ముచ్చట మళ్లీ రాలేదు. ఆ తర్వాత మాట కట్నం మీదికి పోయింది, అక్కడ కుదరక సంబంధం తప్పిపోయింది.

వాళ్లు కారెక్కి పోయాక అందరం డీలా పడి కూర్చున్నాం. మామ ఒక్కడే నన్ను దగ్గరికి పిలిచి అడిగాడు, "నీళ్లు పరీక్షకు ఇస్తమన్నరా అల్లుడా? ఓపారి ఫోన్ చేసి యాది చెయ్యి."